మొదటి అంతస్తు బూజు, మూడో అంతస్తు టెంటు

మానవ నాగరికత నిప్పుతో మొదలైందని కొందరు, చక్రంతో మొదలైందని కొందరు అంటారు. జర్మనీలోని మా వూపర్‌టాల్‌లో మాత్రం అది కిటికీ తెరవడంతో మొదలైంది. తెరిచిన కిటికీని మళ్లీ ఎప్పుడు మూయాలన్న దగ్గర ఆగింది. ఇప్పటికీ అక్కడే ఉంది.

ఇక్కడ పెళ్లి చేసుకోవడానికి ఇద్దరూ సరేనంటే చాలు. ఇల్లు అద్దెకు కావాలంటే గాలి గురించి మాటివ్వాలి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి కిటికీలన్నీ బార్లా తెరిచి, లోపలి గాలిని సాగనంపి బయటి గాలిని ఆహ్వానిస్తానని ఒప్పందం మీద సంతకం పెట్టాలి. బార్లా అంటే బార్లానే. మా కిటికీలకు పైఅంచు కాస్త వాల్చి వదిలేసే వీలు కూడా ఉంది. ఆ వీలును వాడుకున్నవాళ్లతో పక్కింటివాళ్లు మాటలు తగ్గిస్తారు. (మరి ఆ వీలు ఎందుకు పెట్టారని అడక్కండి. మనిషి గుణం తెలియాలంటే ఎదురుగా ఒక ప్రలోభం ఉండాలి కదా.)

అలాంటి అయిదంతస్తుల అద్దె ఇల్లు ఒకదాని కింద అంగడి నాది. ఒకప్పుడు చేపల తొట్లు అమ్మేవాణ్ని. జనం చేపల్ని పెంచడం మానేశాక తొట్లు తీసేసి, వాటి సామాను మాత్రం ఉంచుకున్నాను. ఫ్యాన్లు, లైట్లు, వేడిని కొలిచే మీటర్లు, తేమను కొలిచే మీటర్లు. గోడ చెమ్మగిల్లినవాళ్లకు తేమ పీల్చే యంత్రం అమ్ముతాను. గొంతు ఎండినవాళ్లకు తేమ చిమ్మే యంత్రం అమ్ముతాను. ఒకే ఇంట్లో భర్తకు మొదటిది, భార్యకు రెండోది అమ్మిన రోజులున్నాయి. రెండూ బాగా పనిచేశాయి. ఇన్ని రకాల వాతావరణాల్లో నాకు నష్టం తెచ్చేది ఒక్కటీ లేదు కాబట్టి, ఈ వ్యవహారంలో నేను చెప్పేది పక్షపాతం లేనిదని మీరు నమ్మవచ్చు.

మూడో అంతస్తులో గెర్లిండె ఓస్ట్రోప్ గారు ఉంటారు. పైనున్న పట్టాకు వేలాడుతూ ఊరి మీదుగా పోయే మా రైల్లో టికెట్లు తనిఖీ చేసి రిటైరయ్యారు. టికెట్ లేదని సొంత చెల్లెలికి జరిమానా వేశారని ఊళ్లో చెప్పుకుంటారు. నిజమేనా అని ఒకసారి అడిగాను. "రెండుసార్లు" అని సరిచేశారు.

అన్నేళ్లు కదిలే రైల్లో నిలబడినందుకు ఆమెకు మోకాళ్ల నొప్పి మిగిలింది. ఆ నొప్పికి పగలు ఓపిక పట్టడం వచ్చుగాని, రాత్రి పట్టడం రాదు. ఆమె నిద్రపోయి ఏళ్లయింది. అలాంటి సమయంలో ప్రభుత్వం వారు పెద్దవాళ్లు ఒక్కొక్కరు ఇంట్లో మూడు గంజాయి మొక్కల దాకా పెంచుకోవచ్చని చట్టం తెచ్చారు. ఆమె అంగట్లోకి వచ్చి, నలుగురూ వినేలా అడిగారు.

"ల్యూడెకె గారూ, మొక్కలు పెంచే టెంటు ఒకటి కావాలి. గంజాయికి."

"కాస్త మెల్లిగా అనండి" అన్నాను, పాత అలవాటు కొద్దీ.

"ఎందుకండీ మెల్లిగా? చట్టం వచ్చింది. రాకముందు మెల్లిగా కూడా అనలేదు నేను."

బీరువా అంత టెంటు ఇచ్చాను. బయట నల్లగుడ్డ, లోపల వెండిరంగు, ముందు నిలువునా జిప్పు. దానికో లైటు, గాలి లాగే ఫ్యాను, వాసన పట్టే బొగ్గు గొట్టం, రెండు మీటర్లు. లెక్క రాసుకుంటూ, పంటతో ఏం చేస్తారని అడిగాను. అమ్మకూడదు, ఇంకొకరికి ఊరికే ఇవ్వనూ కూడదు, తనకే వాడుకోవాలి, అదీ చట్టం అన్నారు. వ్యాపారంలో తల నెరిసిన నాకు బేరానికీ దానానికీ దొరకని సరుకును చూడడం అదే మొదటిసారి. కాసేపు కూర్చున్నాను.

ఈ మొక్కలకు ఒక పద్ధతి ఉంది. చిన్నప్పుడు ఉక్కపోత కోరుకుంటాయి. పూత ముదిరేకొద్దీ పొడిగాలి కావాలంటాయి. పగలు ఇరవై నాలుగు డిగ్రీలు, రాత్రి కొద్దిగా తక్కువ, తేమ నలభై అయిదు శాతం. పూలు గట్టిగా ముద్దకట్టాక వాటి మధ్య చెమ్మ నిలిచిందంటే లోపలినుంచి కుళ్లు మొదలవుతుంది. పైకి పచ్చగా ఉంటుంది, విప్పి చూస్తే బూడిద. (కొన్ని కార్యాలయాలు కూడా ఇంతే.) ఆ సంగతి ఆమెకు రెండోసారి చెప్పాల్సిన అవసరం రాలేదు. టెంటును రైలు నడిపినట్టు నడిపారు. తేమ యాభై దాటితే ఆవిడ మీటరు వైపు ఒక చూపు చూసేవారట. అది తన టికెట్ తీసి చూపించినంత పని చేసి దిగివచ్చేదట.

నవంబరు వచ్చేసరికి పూలు బొటనవేలంత లావయ్యాయి. సరిగ్గా అప్పుడే మొదటి అంతస్తు మెట్ల మూల గోడ మీద అరచేయంత నల్లమచ్చ కనిపించింది.

బూజు. మా దేశంలో ఈ మాట పలికితే అద్దెదారులు గోడవైపు, యజమానులు అద్దెదారులవైపు చూస్తారు.

మచ్చను కనిపెట్టింది ఇంటి కాపరి లోథార్ బ్రింక్‌మన్. ఆయన కాపురం ఆ మచ్చకు ఆనుకునే ఉన్న వాటాలో. రోజూ కిటికీల వేళకు వీధిలోకి వెళ్లి, తల పైకెత్తి, ఎవరిది బార్లా ఉంది, ఎవరిది వాల్చి ఉంది అని చూడటం ఆయన బాధ్యత. బాధ్యత ఎవరూ అప్పగించలేదు. ఆయన దాన్ని ఖాళీగా చూసి చేరదీశారు.

"ఇదిగో, పైనుంచి దిగింది" అన్నారు లోథార్, మూడో అంతస్తు వైపు వేలు చూపించి.

రెండో అంతస్తు షెన్‌గ్యుల్ అప్పుడే కూరగాయల సంచీతో మెట్లెక్కుతోంది. "బూజు మెట్లు దిగి వస్తుందా లోథార్ అన్నా?"

"లిఫ్టు లేని ఇల్లు ఇది. ఇంకెలా వస్తుంది?"

"నా వాటా దాటే కదా రావాలి! దారిలో నా తలుపు తట్టలేదే?"

"నీ ఇంట్లో సూపు పొగకు భయపడి ఉంటుంది."

"మొన్న రెండు గిన్నెలు తాగినప్పుడు ఏ పొగా కనపళ్లేదు నీకు."

ఫిర్యాదు గృహ నిర్వహణ సంస్థకు చేరింది. వారు గదిగాలి నిర్ధారణలో పట్టా పుచ్చుకున్న డాక్టర్ హాల్‌బాఖ్ గారిని పంపారు. ఆయన మచ్చను చూశారు. మచ్చ వాసన చూశారు. తర్వాత మూడో అంతస్తుకెళ్లి టెంటు చుట్టూ ఒక ప్రదక్షిణ చేశారు. మర్నాడు మెట్ల దగ్గర ఆయన ఆదేశాలు వెలిశాయి. ఇకపై ఇంట్లో అందరూ ఒకేసారి కిటికీలు తెరవాలి. సమయం తెలియడానికి కాపరి వీధిలో నిలబడి చేతిగంట కొడతాడు. రెండో గంటకు అందరూ ఒకేసారి మూయాలి. మూడో అంతస్తు టెంటుకు నాలుగు పక్కలూ, పైకప్పూ, తలుపూ ఉన్నందున అది "గది లోపలి గది" అవుతుంది. గది అయ్యాక దానికీ గాలి ఆడించాలి. కిటికీ లేదు కాబట్టి జిప్పు తెరవాలి.

గెర్లిండె గారు డాక్టరును అంగడి ముందే పట్టుకున్నారు.

"అయ్యా, పూలు వెచ్చగా ఉంటాయి. మీరు చెప్పినట్టు కిటికీ, జిప్పు కలిపి తెరిస్తే మంచుగాలికి చల్లబడతాయి. జిప్పు వేశాక లోపలి వేడిగాలి వాటిమీద చెమటలా పేరుకుంటుంది. కుళ్లిపోతాయి."

"నియమం గోడల కోసం అమ్మా, పూల కోసం కాదు."

"కానీ టెంటులో ఫ్యాను ఉంది కదండీ. క్షణం ఆగకుండా గాలి మారుస్తూనే ఉంది."

"ఫ్యాను అద్దెదారు కాదు కదమ్మా. ఒప్పందం మీద సంతకం పెట్టింది మీరు. గాలి మారితే చాలదు. మార్చినవారుండాలి."

ఆమె ఒక్క క్షణం ఆలోచించి తలూపారు. అది చూసే నాకు భయమేసింది. వాదన ఆమెకు నచ్చింది.

మర్నాటినుంచి గంట మొదలైంది. లోథార్ వీధి మధ్య నిలబడి, మెడకు మఫ్లరు చుట్టుకుని, గంటను రెండు చేతులతో ఊపేవారు. ఇంట్లోని కిటికీలన్నీ ఒక్కసారి విచ్చుకునేవి. అయిదంతస్తుల వెచ్చదనం వీధిలోకి వచ్చి, కాసేపు నిలబడి, ఎటు పోవాలో తెలియక పోయేది. ఇంటిల్లిపాదీ కోట్లు తొడుక్కుని రెండో గంట కోసం ఎదురుచూసేవారు. ఆ వారంలో అమ్మినన్ని చిన్న హీటర్లు, అంతకు ముందు చలికాలమంతా కలిపి నేను అమ్మలేదు. (డాక్టరు గారు నాకు బంధువు కారు. ముందే చెబుతున్నాను.)

వారం తిరక్కుండా గెర్లిండె గారు ఒక పువ్వును చేతిరుమాలులో పెట్టి తెచ్చారు. విప్పితే లోపల బూడిదరంగు.

"అన్నిటికంటే పెద్దది ఇదే" అన్నారు. గొంతు మామూలుగానే ఉంది. చెయ్యి మాత్రం రుమాలును మడుస్తూనే ఉంది. "ఇంకో రెండు వారాలు ఆగితే కోతకొచ్చేది. ఈ లెక్కన మిగతావీ ఆగవు. మళ్లీ విత్తనం వేసి పూత చూడాలంటే వసంతం దాకా మేలుకోవాలి నేను."

నేను వ్యాపారిని. సరుకు పాడవుతుంటే చూడలేను, అది అమ్ముడుపోనిదైనా సరే. "మీ టెంటున్న గది పెరటివైపు కదండీ?" అన్నాను. "లోథార్ నిలబడేది వీధిలో. ముందు కిటికీలు బార్లా తెరవండి. వెనకది, జిప్పు మూసే ఉంచండి. ఎవరికి కనపడుతుంది?"

ఆమె నన్ను టికెట్ లేనివాణ్ని చూసినట్టు చూశారు.

"నాకు కనపడుతుంది కదండీ."

రుమాలు జేబులో పెట్టుకుని మెట్లెక్కారు.

గంటలు మోగుతూనే ఉన్నాయి. మచ్చ మాత్రం తగ్గలేదు. అరచెయ్యి కాస్తా పళ్లెమంత అయింది. డాక్టర్ హాల్‌బాఖ్ గారు మళ్లీ వచ్చి, ఈసారి మీటరు పట్టుకుని వాటా వాటా తిరిగారు. కొలతకు సాక్షిగా, మీటరు నాదే కాబట్టి, నన్నూ తిప్పారు. షెన్‌గ్యుల్ వంటింట్లో తేమ అరవై ఎనిమిది. ("సూపు తాగి కొలవండి డాక్టర్ గారూ, తగ్గుతుంది" అంది. తాగారు. తగ్గలేదు.) మిగతా వాటాల్లోనూ అరవైకి అటూ ఇటూ. ఇల్లంతటిలో ఉండాల్సినంత పొడిగా, ఉండాల్సినంత వెచ్చగా ఉన్నది ఒక్క చోటే. మూడో అంతస్తు టెంటులో. డాక్టరు గారు మీటరుతోపాటు తల కూడా లోపల పెట్టారు. మీటరు అంకె చెప్పేసిన తర్వాత కూడా తల బయటికి రాలేదు.

"డాక్టర్ గారూ?" అన్నాను.

"నిర్ధారణ జరుగుతోంది" అని లోపలినుంచి వినపడింది.

చివరికి లోథార్ వాటా. ఎనభై ఒకటి. డాక్టరు గారు మీటరును తట్టి చూశారు. మళ్లీ ఎనభై ఒకటి. గోడకున్న అద్దంలో ఎవరి ముఖమూ కనపడటం లేదు, అంతా ఆవిరి.

"మీ కిటికీలు ఎప్పుడు తెరుస్తారు?"

"గంట కొట్టినప్పుడండి" అన్నారు లోథార్.

"తెరిచేదెవరు?"

"గంట కొట్టేది నేను కదా. వీధిలో ఉంటాను."

"గంటకు ముందు తెరవచ్చు కదా?"

"గంటకు ముందు తెరిస్తే అందరూ ఒకేసారి అన్న ఆదేశం ఏం కావాలండి?"

"పోనీ, తర్వాత?"

"తర్వాత మూయాలని మీరే రాశారు."

డాక్టరు గారు తన ఆదేశాల కాగితం తీసి మళ్లీ చదువుకున్నారు. ఆయన వృత్తి జీవితంలో తన ఆదేశాన్ని ఇంత పూర్తిగా పాటించిన మనిషి అంతవరకు తగల్లేదనుకుంటాను. బూజు ఎక్కడినుంచి వస్తోందో ఆ గదిలో నిలబడిన ముగ్గురికీ తెలిసింది. కానీ విధి నిర్వహణలో ఉన్నవాడి గదిలో పుట్టిన తేమను తేమ అనడానికి సంస్థ నిబంధనలు ఒప్పుకోవు. నివేదికలో "కారణం: విచారణలో ఉంది" అని రాసి, ఒక సర్దుబాటు చేశారు. గంటవేళ లోథార్ కిటికీలు తెరవడానికి నమ్మకమైన మనిషి కావాలి. అలాంటివారు ఇంట్లో ఒక్కరే. గెర్లిండె గారు.

"అప్పుడు నా కిటికీ?" అన్నారామె వెంటనే. "నేను కింద ఉంటే నాది మూసి ఉంటుంది."

ఇలాంటి అవకాశం కోసం మనుషులు ఏళ్ల తరబడి కాచుకుంటారు. ఆమె మాత్రం ఫిర్యాదు చేసినట్టు అడిగారు. సంస్థ ఆలోచించింది. మూడో అంతస్తు కిటికీ, జిప్పు తెరిచే పని లోథార్‌కు అప్పగించింది. గంట షెన్‌గ్యుల్ చేతికి వచ్చింది.

"ఏం అన్యాయం అన్నా ఇది" అంది షెన్‌గ్యుల్ నాతో, గంటను చంకలో పెట్టుకుని. "నేను వీధిలో ఉంటే నా కిటికీ ఎవరు తెరుస్తారట?"

"అడక్కు" అన్నాను. "అడిగితే ఆ పని నాకు పడుతుంది."

ఆ విధంగా మా ఇంట్లో కొత్త క్రమం అమల్లోకి వచ్చింది. గంట మోగగానే గెర్లిండె గారు నొప్పి కాళ్లతో మొదటి అంతస్తుకు దిగి లోథార్ కిటికీలు తెరిచేవారు. లోథార్ మూడో అంతస్తుకు ఎక్కేవారు.

"జిప్పు మాత్రమే ముట్టుకోవాలి లోథార్ గారూ" అని ఆమె మొదటిరోజే హెచ్చరించారు. "ఆకు ముట్టుకుంటే చట్టం ఒప్పుకోదు."

"నీ ఆకులు నాకెందుకమ్మా! ఆ గబ్బు కంపార్ట్‌మెంట్‌లో నిలబడటమే నాకు శిక్ష."

శిక్ష మొదటి రెండు రోజులు అలాగే నడిచింది. మూడోరోజు ఆయన జిప్పు తెరిచి పట్టుకుని నిలబడితే, ఎదురుగా ఇరవై నాలుగు డిగ్రీలు, వెనక కిటికీలోంచి రెండు డిగ్రీలు. వీపు ఒక దేశంలో, పొట్ట ఒక దేశంలో ఉన్నట్టుంది. ఎనభై ఒక శాతం తేమలో ఏళ్లుగా నానిన మనిషి. ఒక అడుగు లోపలికి వేశారు. తర్వాత రెండో అడుగు. తర్వాత జిప్పును లోపలినుంచి పైకి లాగేసుకున్నారు. జిప్పు తెరిచారు, మూశారు. ఆదేశంలో రెండూ ఉన్నాయి. రెంటి మధ్య తాను ఎటువైపు ఉండాలో లేదు.

అప్పటినుంచి మంచుగాలి పూలను తాకలేదు. మచ్చ పడ్డవి గెర్లిండె గారు కత్తిరించేశారు, మిగతావి గట్టిగా నిలిచాయి. లోథార్ రెండో గంటకు బయటికి రావడం మానేశారు. గంట వినపడలేదని ఒకరోజు, వినపడింది గాని తన గంట కాదని ఇంకోరోజు చెప్పారు. నా అంగట్లోకి వచ్చి మడత కుర్చీ ఒకటి కొన్నారు. చిన్నది, బీరువాలో పట్టేది. దేనికని నేనడగలేదు. సరుకు కొనేవాణ్ని కారణం అడిగినవాడు వ్యాపారం చేయలేడు.

కోత అయింది. కొమ్మల్ని ఆ టెంటులోనే తలకిందులుగా వేలాడదీసి, లైటు ఆర్పి, మెల్లిగా ఆరనిచ్చారు. లోథార్ వాటి కింద కుర్చీ వేసుకుని కూర్చునేవారు. ఆరిన పూలు ఒక గాజు సీసాలోకి చేరాయి. సీసా నిండలేదు గాని, చలికాలం గడవడానికి సరిపోతాయన్నారామె. అన్ని నెలల కరెంటు, మీటర్లు, గంటలు, మెట్లు, డాక్టరు, అన్నీ కలిపి ఒక సీసా. పెట్టుబడి, రాబడి పక్కపక్కన పెట్టి చూడటం నా వృత్తి. అక్కడ మాత్రం పెట్టలేదు.

ఆ తర్వాత ఒక రోజు గెర్లిండె గారు మధ్యాహ్నం అంగట్లోకి వచ్చారు. అంత పొద్దెక్కాక ఆమె ముఖం అంత తేటగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు.

"ల్యూడెకె గారూ, రాత్రి సీసా మూత తీశాను. నిద్రపోయానండీ."

"శుభం!"

"తలుపు దగ్గర పాలు పులిసేదాకా నిద్రపోయాను. మోకాళ్లున్నాయన్న సంగతే గుర్తు రాలేదు." నవ్వారు. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. "పొద్దున గంట నాకు వినపడలేదు. లోథార్ కిటికీలు తెరవలేదు."

"ఎవరూ గమనించలేదండీ. షెన్‌గ్యుల్ వీధిలో ఉంది. లోథార్ మీ టెంటులో గురకపెడుతున్నాడు. నా దాకా వినపడింది."

"ఆయన గురక ఆయన ఇష్టం. ఆయన కిటికీ నా బాధ్యత."

అక్కడే నిలబడి సంస్థకు ఫోన్ చేశారు. ఆమెకు చెవి కాస్త మందం, ఫోను పెద్దగా పెడతారు, అందుకని నాకూ వినపడింది.

"ఫిర్యాదు ఎవరి మీదండీ?" అంది అవతలి అమ్మాయి.

"గెర్లిండె ఓస్ట్రోప్ మీద."

"చేసేవారి పేరు?"

"గెర్లిండె ఓస్ట్రోప్."

"అంటే... మీ మీద మీరేనా? ఒక్క నిమిషమండీ, ఇక్కడ అలాంటి మీట లేదు... ఎందుకండీ, వదిలేయండి పోనీ."

"నీ పేరేంటమ్మా?" అన్నారు గెర్లిండె గారు. అవతలి అమ్మాయి వెంటనే ఫిర్యాదు నమోదు చేసింది.

డాక్టర్ హాల్‌బాఖ్ గారు రెండో రోజుకే వచ్చారు. ఆయన అంత ఉల్లాసంగా ఉండటం ఇంటివాళ్లెవరూ చూడలేదు. కారణం దొరక్క ఆగిపోయిన నివేదికకు, ఒప్పుకోలుతో సహా కారణం దొరికింది. "బూజు, మొదటి అంతస్తు. కారణం: మూడో అంతస్తు అద్దెదారు నిద్రపోవుట" అని అచ్చువేయించి, ఆ కాగితాన్ని సరిగ్గా మచ్చ మీదే అంటించారు. ఆనాటినుంచి మా ఇంట్లో బూజు కనపడలేదు.

గెర్లిండె గారు కళ్లజోడు పెట్టుకుని దాన్ని చివరిదాకా చదివారు. షెన్‌గ్యుల్ పక్కనే ఉంది. "చించెయ్యనా అక్కా?" అంది.

"ఎందుకు? సరిగ్గానే రాశారు."

ఇప్పుడు ఆమె గంటకన్నా ముందే లోథార్ గుమ్మంలో ఉంటున్నారు. నిద్ర కోసం సీసా మూత మళ్లీ తీయలేదు. పూలకు తేమ ఎక్కువైనా తక్కువైనా పాడవుతాయని, సీసాలో పట్టే బుల్లి మీటరు ఒకటి నా దగ్గరే కొన్నారు. అంకె ఇంతవరకు గీత దాటలేదు. రాత్రంతా ఎలాగూ మేలుకునే ఉంటారు కాబట్టి, మాటిమాటికీ లేచి చూసుకుంటున్నారు.